వాగ్దానపు కార్డు, ఎండిన బోరు

అనంతపురం జిల్లా గుత్తి వైపు పల్లె నుండి ఒక సోదరి నాలుగు పుటల ఉత్తరం రాశారు. ఆమె కోరినట్టు పేరూ ఊరూ తీసివేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను. వారికి ఆరెకరాల మెట్ట ఉంది. మూడు బోర్లు వేసి మూడూ పోగొట్టుకున్నారు. నిరుడు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, రాబోయే ఏడాదికి దేవుని మాటగా పళ్లెంలోనుండి తీసుకునే బైబిలు వచనపు చీటీ, అంటే వాగ్దానపు కార్డు, ఆమె తీసుకుంటే, అందులో "ఎండిన నేలను నీటిబుగ్గలుగాను చేసెదను" అనే యెషయా 41:18 వచ్చింది. సంక్రాంతి తరువాత ఊరికి వచ్చిన ఒక ప్రసంగీకుడు వారి చేలో ప్రార్థన చేసి, ఈశాన్య మూల ఒక చోటు చూపి, ఇక్కడ దేవుడు నీళ్లు దాచాడని చెప్పాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, ఆమె గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టి, ఏడు వందల ఇరవై అడుగులు వేయించారు. దుమ్ము తప్ప తడి రాలేదు. ఆమె అడిగినవి ఆమె మాటల్లోనే:

"దేవుడే నడిపిస్తున్నాడని నమ్మి వెళ్లినాము. అప్పుల్లో పడినాము. ఇంక ఆయన నడిపింపును ఎట్లా నమ్మేది? మోకరిస్తే నోట మాట రాదు. మా ఇంట్లో దాచిన పాపమేదో ఉందని సంఘంలో కొందరు అంటున్నారు. మా ఇంటాయన రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, నేను లేకపోతే మీకు తేలిక అని రెండుసార్లు అన్నాడు. మా అక్క వాళ్లు బెంగళూరుకు రమ్మంటున్నారు. పోవడం దేవుని చిత్తమా కాదా చెప్పండి. ఆ ప్రసంగీకుడు ఫోను చేసి, విత్తన కానుక (దేవుడు ఎన్నో రెట్లుగా తిరిగి ఇస్తాడని చెప్పి అడిగే డబ్బు) పంపితే కట్లు తెగుతాయన్నాడు. ఇరవై ఒక్క రోజుల ఉపవాసం పట్టినాను. ఇయ్యాల్టికి తొమ్మిదో రోజు. కొనసాగించమంటారా?"

ప్రియమైన సోదరికి,

మీ ఉత్తరం నిండా దేవుని గురించిన ప్రశ్నలే ఉన్నాయి. మీ ఇంటాయన అన్న మాట మాత్రం మూడో పుట అడుగున ఒక్క వరుసలో ఒదిగి ఉంది. నేను ఆ వరుస దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలకు జవాబు నెల ఆలస్యమైనా నష్టం లేదు గాని, దీనికి ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడదు. "నేను లేకపోతే మీకు తేలిక" అనే మాటను అలసటలో నోరు జారిన మాటగా తీసుకోకండి. ఇంట్లోనో మోటారు కొట్టంలోనో పురుగుల మందు డబ్బా ఉంటే ఈ రోజే దానిని ఆయనకు తెలియని చోటికి, వీలైతే మరొకరి ఇంటికి చేర్చండి. ఆయనను చేనికి ఒంటరిగా పంపకండి. మీ మరిదికో, ఆయన మాట వినే స్నేహితుడికో ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. "చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా?" అని మీరే నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, కాని ముప్పై ఏళ్లకు పైగా కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో సంఘ సేవ చేసిన నేను చూసినంతవరకు, ఆ ప్రశ్న విన్న మనిషి చాలాసార్లు, ఎవరో ఒకరు అడిగారు కదా అన్నట్టు, భుజాలు దించి ఏడ్చాడు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆయనను అక్కడికి తీసుకువెళ్లండి. ప్రయాణం కుదిరేలోపు 14416 అనే టెలి మానస్ (మానసిక సహాయం) నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపేది, డబ్బు తీసుకోరు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి పోవడం అవిశ్వాసమని మీ సంఘంలో ఎవరైనా అంటే, పౌలు వెంట నడిచిన లూకా వృత్తిరీత్యా వైద్యుడేనని వారికి గుర్తుచేయండి.

మీ ఇంటాయన అన్న మాటనే బైబిలులో ఒక గొప్ప ప్రవక్త కూడా అన్నాడు. కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన ఏలీయా, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో దినప్రయాణమంత నడిచి, ఒక బదరీవృక్షం కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు, విశ్వాసం గురించి ఆ పూట ఒక్క మాట కూడా చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ బుడ్డెడు నీళ్లూ చూపాడు. అతడు తిని మళ్లీ పడుకుంటే, మళ్లీ లేపి తినమన్నాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అన్నాడే గాని, శక్తి ఎందుకు లేదని అడగలేదు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అనే ప్రశ్న, నలభై దినాలు నడిచి హోరేబు కొండ చేరిన తరువాత గాని రాలేదు. మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది బదరీవృక్షం కింది కాలం. హోరేబు ప్రశ్నలను ఆయన మీద ఇప్పుడే మోపకండి, మీ మీద కూడా మోపుకోకండి.

ఇక వాగ్దానపు కార్డు సంగతి. నేనూ ఏటేటా డిసెంబరు 31 రాత్రి పళ్లెంలో కార్డులు పెట్టి పంచినవాణ్ణే, కాబట్టి ఇందులో తప్పు ఉంటే మొదట నా మీదనే వేసుకుంటాను. అచ్చు కార్డులు దొరకని రోజుల్లో మా ఇంట్లో పాత క్యాలెండరు అట్టల మీద వచనాలు రాసి, నా భార్యా పిల్లలూ దీపం చుట్టూ కూర్చుని కత్తెరతో కత్తిరించేవారు. ఒక ఏడు మా చిన్నమ్మాయి "లోకములో మీకు శ్రమ కలుగును" అనే వచనం కూడా రాసి కలిపింది. ఎవరికైనా పండుగ పూట అది వస్తే మనసు నొచ్చుకుంటారని నేనే దానిని తీసి పక్కన పెట్టాను. ఆ మాట పలికినవాడు యేసుక్రీస్తే, అది కూడా తన శిష్యులకు ఇచ్చిన వాగ్దానమే, అయినా నా పళ్లెంలో దానికి చోటు లేకపోయింది. అలా ఏరి కూర్చిన పళ్లెంలో చెయ్యి పెట్టి, వచ్చినదే ఏడాది పొడుగునా దేవుడు తనకు విడిగా చెప్పిన మాట అని విశ్వాసి నమ్మితే, ఆ నమ్మకంలో అయ్యగారి కత్తెరకు కూడా వాటా ఉంటుంది.

మీ కార్డు మీద వచ్చిన వచనాన్ని బైబిలు తెరిచి పై వచనంతో కలిపి చదవండి. "దీనదరిద్రులు నీళ్లు వెదకుచున్నారు, నీళ్లు దొరకక వారి నాలుక దప్పిచేత ఎండిపోవుచున్నది" అని పదిహేడో వచనం మొదలవుతుంది. మీ చేను చూసి రాసినట్టే ఉంటుంది. బబులోనులో చెరపట్టబడి, తిరిగి తమ దేశానికి ఎడారి దాటి పోగలమా అని నమ్మకం పోగొట్టుకున్న జనాన్ని ఓదార్చడానికి ప్రవక్త పలికిన మాట అది. ఆ వచనం చివర దేవుడు తనంతట తాను కట్టుబడిన మాట ఒకటుంది: "నేను వారిని విడనాడను." ఈ మాట మీకూ చెందుతుందని చెప్పడానికి నేను ఏ మాత్రం సందేహించను. కాని మీ సర్వే నంబరులో ఈశాన్య మూల ఇన్ని అడుగుల లోతున నీళ్లున్నాయని ఆ వచనం చెప్పదు. చెప్పిందని అన్నవాడు మనిషి. (ప్రవచనం కూడా ఈశాన్యమే ఎంచుకోవడం చూస్తే, దానికి మన వాస్తు బాగానే అబ్బినట్టుంది.)

వాక్యాన్ని అలా వాడటం కొత్త కాదు. శోధకుడైన సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకమని, దూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారని తొంబై ఒకటో కీర్తననే చదివాడు. వచనం నిజమైనదే, వాగ్దానమూ నిజమైనదే. యేసు దానిని కాదనకుండా, "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదని మరియొక చోట వ్రాయబడియున్నది" అని జవాబిచ్చాడు. ఆ "మరియొక చోట" అనే మాటను మన సంఘాలు మరచిపోయాయని నాకనిపిస్తుంది. బోరు విషయంలో ఆ మరియొక చోటు లూకా పద్నాలుగో అధ్యాయంలో ఉంది: గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని తగులుబడి లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు. ఆ లెక్కలో భూమి లెక్క కూడా ఉంటుంది. మన అనంతపురం నేల కింద ఉన్నది చాలావరకు గట్టి రాయి. ఏడాదికి సగటున పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో లోపలికి ఇంకినది రాతి పగుళ్లలో మాత్రమే నిలుస్తుంది. పగులు తగిలితే మూడు వందల అడుగుల్లోనే రెండంగుళాల నీళ్లు పడతాయి, తగలకపోతే ఇరవై అడుగుల పక్కన ఎనిమిది వందల అడుగులు వేసినా దుమ్మే వస్తుంది. మీ పొరుగు చేనివాడికి పడడానికీ మీకు పడకపోవడానికీ ఈ పగుళ్లే కారణం. ఎవరి భక్తి ఎంత అని రాయి కొలవదు.

అయితే దేవుడు మమ్మల్ని మోసం చేశాడా అని మీరు అడగలేక అడిగారు. నా ఉద్దేశంలో, ఆయన చెప్పని మాటను ఆయన మీద పెట్టి, అది జరగనందుకు ఇప్పుడు ఆయన మీద అలుగుతున్నారు. అలగడం తప్పని నేను అనను, తొందరపడి మానుకోమనీ అనను. కాని ఆ మాట ఎవరిదో వారికి తిరిగి ఇచ్చివేయండి. ప్రవక్త యెహోవా నామమున చెప్పిన మాట జరగకపోతే, అది యెహోవా చెప్పిన మాట కాదనీ, ఆ ప్రవక్త అహంకారముచేతనే చెప్పాడనీ ద్వితీయోపదేశకాండము పద్దెనిమిదో అధ్యాయం స్పష్టంగా అంటుంది. మీ సంఘ పెద్దలు ఆ ప్రసంగీకుణ్ణి పిలిచి అడగవలసిన బాధ్యత వారికి ఉంది. అది వారు చేస్తారని నాకు పెద్ద ఆశ లేదు, అయినా రాసి పెడుతున్నాను.

మీ వంతు తొందరపాటు కూడా ఇందులో ఉందని మీకే తెలుసు. మూడు బోర్లు పోయిన తరువాత నాలుగోదానికి వడ్డీ అప్పు తేవడం మంచిది కాదని మీ ఇంటాయన అన్న చెప్పాడనీ, వినలేదనీ మీరే రాశారు. అయితే తొందరపడి వేసిన అడుగుతో దేవుని తోడు తెగిపోతుందా? యెహోషువ తొమ్మిదో అధ్యాయం చదవండి. గిబియోనువారు చినిగిన బట్టలూ ఎండి బూజు పట్టిన రొట్టెలూ చూపి దూరదేశస్థులమని నటిస్తే, ఇశ్రాయేలు పెద్దలు యెహోవాయొద్ద విచారణ చేయకయే వారితో నిబంధన చేసుకుని మోసపోయారు. ఆ నిబంధనను దేవుడు రద్దు చేయలేదు. మరుసటి అధ్యాయంలోనే అదే గిబియోను కోసం యుద్ధానికి పోవలసి వచ్చింది, ఆ యుద్ధంలో ఆయన వారి పక్షాన నిలిచాడు. మోసపోయి చేసుకున్న ఒప్పందం తాలూకు బరువు వారి మెడ మీదనే ఉంది, దేవుడు మాత్రం వారిని వదిలిపోలేదు. మీ అప్పు విషయంలో నేను చెప్పగలిగినది ఇంతవరకే, ఇంతకు మించి చెప్పేవారిని నమ్మకండి.

దీనికి మరో వైపు కూడా ఉంది. నడిపింపు సరైనదే అయినా కష్టం తప్పకపోవచ్చు. పౌలు ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరిచాడు, బితూనియకు పోనివ్వలేదు, చివరికి త్రోయలో దర్శనం చూసి మాసిదోనియకు దాటితే, ఫిలిప్పీలో బెత్తాల దెబ్బలూ కాళ్లకు బొండా (కొయ్య సంకెల) ఎదురయ్యాయి. అంత తేటగా దారి కనిపించినవాడికి ఆ దారి జైలు గుమ్మం దాకా పోయింది. కాబట్టి బోరు ఎండినందుకే మీరు దారి తప్పారని అనుకోకండి.

దాచిన పాపం అన్నవారి గురించి ఎక్కువ రాయను. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు, అంతవరకు వారు చేసినది బాగుంది. నోరు తెరిచిన తరువాత చెప్పినదంతా యుక్తమైనది కాదని చివరికి దేవుడే తేల్చాడు. కరువును చూసి పాపం లెక్కగట్టేవారిని ఒక్కటి అడగవచ్చు. 1876–78 ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు (అప్పటికి అనంతపురం బళ్లారిలోనే ఉండేది, 1882లో విడిపోయింది) పూర్తిగా చితికిపోయాయి, మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా లక్షలమంది ఆకలికి చచ్చిపోయారు. మన సీమ సంఘాలలో చాలావాటి పునాదులు పడినవి ఆ కరువుకు ముందువెనుకల తరాల్లోనే. ఆ తాతముత్తాతలలో ఎవరి దాచిన పాపానికి ఆ వానలు ఆగాయో వారు చెప్పగలరా?

మోకరిస్తే మాట రావడం లేదని రాశారు. ఈ ఒక్కటి నాకు బయటినుండి తెలిసిన విషయం కాదు. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. రెండు రాత్రులు మిద్దె మీద గడిపాము. కరెంటు లేదు, కింద చీకట్లో నీళ్లు ఇంటి గోడలను తాకే చప్పుడు మాత్రం వినిపిస్తుండేది. నీళ్లు తీసిన తరువాత లోపలికి పోతే మోకాలి లోతు బురద. ఇరవై ఏళ్ల ప్రసంగాలు రాసుకున్న నోటు పుస్తకాలు ముద్దలైపోయాయి. నా బైబిలును మిద్దె మీద ఎండలో పెట్టి, పుటల మధ్య పుల్లలు దోపి, గాలికి ఎగరకుండా రాయి పెట్టాను. చాలా పుటలు విడివడ్డాయి గాని, కీర్తనల భాగం అట్టముక్కలా అంటుకుపోయి ఇప్పటికీ విడిపోలేదు. ఆ తరువాత నాలుగు నెలలు నేను పీఠం దగ్గర నిలబడి ప్రార్థన పుస్తకంలోని ప్రార్థనలు చదివానే గాని, సొంతంగా ఒక్క మాట దేవునితో అనలేకపోయాను. సంఘానికి ఆ సంగతి తెలియనివ్వలేదు. తెలియనిస్తే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను. ఆ రోజుల్లో మా పక్కింటి పెద్దావిడ, మా పిల్లలు నానీ అని పిలిచే ముస్లిం ముసలమ్మ, తన ఇల్లూ అట్లే మునిగి ఉన్నా, పైన కట్టెల పొయ్యి మీద వండిన ఉప్మా సత్తు గిన్నెలో తెచ్చి ఏమీ అడక్కుండా గోడ మీద పెట్టి పోయేది. ఏలీయా కథలోని దూత గురించి నేను ప్రసంగం చెప్పినప్పుడల్లా ఆ గిన్నె నా కళ్ల ముందు ఉంటుంది.

మాట రానప్పుడు ఇతరులు రాసిపెట్టిన మాటలతో మొరపెట్టడం తప్పు కాదు. ఎనభై ఎనిమిదో కీర్తన చదవండి, వీలైతే చీకటి పడ్డాక పైకి చదవండి. విలాపంతో మొదలయ్యే కీర్తనలు చాలావరకు చివర ఎక్కడో స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాట దగ్గర ఆగిపోతుంది. దానికి ఒక మంచి ముగింపు అతికించాలని ఆ కీర్తనలను కూర్చినవారికి తోచలేదు, లేఖనాల్లోనుండి తీసివేయాలనీ తోచలేదు. అంటే అలాంటి ప్రార్థన కూడా దేవుని ముందు చెల్లుతుందనే కదా. ఒక్కటి గమనించండి, అంత చీకట్లోనూ ఆ భక్తుడు మాట్లాడుతున్నది దేవునితోనే. మీరు కూడా నాలుగు పుటలు నాకు రాశారు గాని, వాటిలో మూడు పుటలు చదివితే నాతో మాట్లాడినట్టు లేదు.

మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు నయోమి గుర్తొచ్చింది. బేత్లెహేములో కరువు వచ్చి, భర్తతో ఇద్దరు కొడుకులతో మోయాబుకు వలసపోయిన రైతు ఇంటి ఆడపడుచు ఆమె. అక్కడ భర్త పోయాడు, పదేళ్లు గడిచేసరికి కొడుకులిద్దరూ పోయారు. తిరిగివచ్చినప్పుడు ఊరి ఆడవాళ్లు గుర్తుపట్టి నయోమి కదా అంటే, నన్ను మారా (చేదు) అనండి, నిండుగా పోయి వట్టి చేతులతో వచ్చాను, యెహోవాయే నన్ను ఇట్లా చేశాడు అని వీధిలో నిలబడి చెప్పింది. ఆ మాట అన్నందుకు ఆమెను ఎవరూ మందలించినట్టు రూతు గ్రంథంలో లేదు. ఇంకో విశేషం ఏమిటంటే, ఆ గ్రంథమంతటిలో దేవుడు నేరుగా ఎవరితోనూ మాట్లాడడు. దర్శనం లేదు, స్వరం లేదు, ప్రవక్త లేడు. ఉన్నదల్లా యవలకోత కాలం, కోడలు రూతు పరిగె ఏరుకోవడానికి పోవడం, పోయిన చేను బంధువైన బోయజుది కావడం. మీ ఊళ్లో సెనక్కాయ పీకిన తరువాత చేలల్లో గునపాలూ చాటలూ పట్టుకుని పరిగె ఏరే ఆడవాళ్లను మీరు చూసే ఉంటారు. ఎండలో గంటసేపు తవ్వితే దోసెడు కాయలు వస్తాయి. రూతు ఆ సాయంత్రం దాదాపు తూమెడు యవలు దుళ్లగొట్టి అత్తకు చూపినప్పుడు గాని, మోయాబులో అన్నీ పోయిన తరువాత మొదటిసారిగా నయోమి నోట దేవుణ్ణి స్తుతించే మాట రాలేదు. ఆమెకు ఆ రోజు తెలిసినది ఆ తూమెడు గింజల సంగతి మాత్రమే. ఆ దారి రూతు మునిమనవడైన దావీదు రాజు దాకా పోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మన మీద దేవుని నడిపింపు చాలావరకు ఇట్లాగే ఉంటుందని, నడుస్తున్నప్పుడు అది నడిపింపులాగే కనిపించదని నేను నమ్ముతాను.

అందుకే బెంగళూరుకు పోవడం దేవుని చిత్తమా కాదా అన్నదానికి నేను జవాబు చెప్పను. ఆయన మీ చెవిలో చెప్పని మాటను నా చెవిలో చెప్పాడంటే, ఈశాన్య మూల చూపినవాడికీ నాకూ తేడా ఏముంది? అపొస్తలులు యెరూషలేములో కూర్చుని అంత పెద్ద నిర్ణయం తీసుకుని కూడా "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని రాశారు. ఎంత అణకువ గల మాటో చూడండి. మీకూ అట్లా తోచడానికి ఏమేమి చూడాలో మాత్రం చెప్పగలను. మొదట ఆయన వైద్యం. కొత్త ఊళ్లో, ఒక్క గదిలో, పని దొరకని రోజుల్లో ఆ మనసు ఇంకా కుంగుతుందేమో డాక్టరును అడిగి గాని బండి ఎక్కకండి. పెద్దవాడు పదో తరగతి అన్నారు, పరీక్షలయ్యేదాకా ఆగడం మంచిది. మీ అక్క ఇంటి అద్దె ఎంత, బావకు చేతికి వచ్చేదెంత, మీకు ఏ పని దొరుకుతుంది అన్నవి ఫోనులో మొహమాటం లేకుండా అడిగి కాగితం మీద వేసుకోండి. భూమి అమ్ముతామని మాత్రం ఇప్పుడే ఎవరికీ మాట ఇవ్వకండి. కౌలుకు ఇచ్చి పోయి, ఏడాది చూసి, తిరిగి రావచ్చు.

"నీ వాక్యము నా పాదములకు దీపము" అని మనం తరచూ చెప్పుకుంటాము. ఆ దీపం ఎంత వెలుగిస్తుందో మీ ఇంటాయనకు నాకన్నా బాగా తెలుసు, ఎందుకంటే బోర్లలో నీళ్లున్న రోజుల్లో రాత్రి పదకొండుకో రెండుకో కరెంటు ఇస్తే, టార్చి పట్టుకుని గెనిమ (చేని గట్టు) మీద నడిచి మోటారు వేసి వచ్చిన మనిషి ఆయన. టార్చి వెలుగు రెండడుగుల గెనిమ చూపుతుంది, పాముంటే పామును చూపుతుంది. చేను ఆ చివర దాకా చూపదు. అయినా ఆయన ప్రతి రాత్రీ మడికి నీళ్లు కట్టి ఇల్లు చేరాడు. పరీక్షలయ్యేదాకా ఆగడం, డాక్టరును చూడడం, లెక్క వేసుకోవడం, ఇవి మీకు ఇప్పుడు కనిపిస్తున్న రెండడుగులు.

అప్పుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎవరికి ఎంత, ఏ వడ్డీ, నోటు ఎవరి పేర అన్నది ఒక్క కాగితం మీద రాసి, మీ ఇద్దరితో పాటు నమ్మకస్తుడైన మూడో మనిషికి చూపండి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకుని ఎవరైనా బెదిరిస్తుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఐదో బోరు మాట ఎవరు ఎత్తినా వినకండి. విత్తన కానుక అడిగినవాడికి ఒక్క రూపాయి పంపకండి. తనకున్నదంతా కానుకగా వేసిన విధవరాలి రెండు కాసుల గురించి అతడు మీకు చెప్పే ఉంటాడు. ఆ కథకు సరిగ్గా ముందు, విధవరాండ్ర ఇండ్లు దిగమింగే శాస్త్రుల గురించి ప్రభువు ఏమన్నాడో మార్కు పన్నెండో అధ్యాయంలో మీరే చదువుకోండి.

ఉపవాసం ఆపండి. మొక్కుకున్నాను కదా, సగంలో ఆపితే దోషం కదా అని భయపడతారేమో. ఆ దోషం ఏదైనా ఉంటే ఈ ఉత్తరం చూపి నా లెక్కలో రాయమనండి. మీ ఇంటాయన సరిగా తినడం లేదని మీరే రాశారు. మీరు ఉపవాసంలో ఉంటే ఆయన ఒక్కడే కంచం ముందు కూర్చోవాలి. ఈ రాత్రి సంగటి కెలికి, ఉంటే ఒకింత చెనక్కాయల చట్నీ నూరి, ఆయన పక్కన కూర్చుని మీరూ తినండి. వాక్యం చదవకపోయినా పరవాలేదు. ఆయన పడుకున్న తరువాత, నిద్ర పట్టిందో లేదో ఒకసారి చూసి, మీరూ పడుకోండి. ఆసుపత్రికి వెళ్లి వచ్చాక నాకు రెండు ముక్కలు రాయండి.